నువ్వు తిన్నావా?

బజ్జీలు చల్లారిపోయాయి. టీ షర్టు బిగుతైంది. నీళ్ళ బాటిళ్ళు వెచ్చగా ఉన్నాయి. కంభం చెరువు కట్ట మీద ఫొటో తీసేటప్పుడు మా బండ్లను వెనక వరసలో పెట్టించారు. ఫ్లెక్సీలో నా ఫొటో స్టాంపు బిళ్ళంత వేశారు.

బైక్ ర్యాలీ ముగిసిన రాత్రి నిర్వాహకుడి ఫోనుకు చేరే మాటలు ఇలా ఉంటాయి. ఏ క్లబ్బు, ఏ సంవత్సరం అని అడక్కండి. మార్కాపురం, గిద్దలూరు వైపు నేను వెళ్ళినవి, ఒకటి రెండింట చేయి కూడా వేసినవి, కొన్ని ర్యాలీలను కలిపి ఇక్కడ ఒకటిగా చెబుతున్నాను. ఎవరినీ వేలెత్తి చూపడానికి కాదు. చూపాల్సి వస్తే ఆ వేలు ముందు నావైపే తిరగాలి. బజ్జీలు చల్లారిపోయాయన్న మహానుభావుణ్ణి నేనే.

ముందు ఆ ఆదివారం ఎలా నడిచిందో చెప్పాలి. తెల్లవారుజామున మార్కాపురం చెన్నకేశవస్వామి గుడి దగ్గర బండ్లు చేరాయి. బుల్లెట్లు, పల్సర్లు, హైదరాబాదులో ఉద్యోగం చేస్తూ వారాంతానికి ఊరొచ్చినవాళ్ళ ఖరీదైన బండ్లు, నాన్న స్ప్లెండర్‌ను బతిమాలి తెచ్చుకున్న డిగ్రీ కుర్రాళ్ళు. కంభంలో టిఫిను, చెరువు కట్ట మీద కాసేపు, బేస్తవారిపేట మీదుగా గిద్దలూరు, అక్కణ్ణుంచి దిగువమెట్ట దాకా పోయి నల్లమల గాలి పీల్చుకుని మళ్ళీ గిద్దలూరులో భోజనం. టిఫిను ఏమిటంటే ఉగ్గాణి, మిరపకాయ బజ్జీ. 1970లో కొత్త జిల్లా ఏర్పడేదాకా ఈ తాలూకాలు కర్నూలు కింద ఉండేవి. జిల్లా మారినా పొద్దుటి ప్లేటు మారలేదు.

బండ్ల గుంపు కదిలినప్పుడు అందరి కళ్ళూ ముందు బండి మీద ఉంటాయి. దానికి జెండా ఉంటుంది, ఫొటోలో అదే పడుతుంది. కంటికి ఆనని పనులు రెండున్నాయి. ఒకటి మలుపు దగ్గర మనిషి. దారి చీలే ప్రతిచోటా ఒకణ్ణి దించేసి గుంపు ముందుకు పోతుంది. వెనక వచ్చేవాళ్ళకు చెయ్యి చూపిస్తూ, చిట్టచివరి బండి దాటేదాకా అతను అక్కడే నిలబడాలి. బేస్తవారిపేట కూడలిలో ఆరోజు ఒక కుర్రాడు ముప్పావుగంట ఎండలో ఉన్నాడు. దాహమేస్తే పక్కనే కొట్టుంది, కానీ కొట్లోకి పోయిన ఆ రెండు నిమిషాల్లోనే ఎవడో ఒకడు కనిగిరి దారి పడతాడు.

రెండోది చివరి బండి. రైడర్లు దాన్ని స్వీప్ అంటారు. అందరికన్నా వెనక పోవాలి, ఎవరినీ దాటకూడదు, ఎవరి బండి ఆగితే వాళ్ళతోపాటు ఆగాలి. బాగా నడపగలిగి, రిపేరు తెలిసి, పనిముట్ల సంచి ఉన్నవాడికే ఈ పని అప్పగిస్తారు. అంటే అందరికన్నా జోరుగా పోగలిగినవాడు అందరికన్నా నిదానంగా పోవాలన్నమాట. ఆరోజు ఒకరి క్లచ్ వైరు తెగింది, ఇంకొకరికి పంక్చరు పడింది. చివరి బండి గిద్దలూరులో భోజనాల దగ్గరికి చేరేసరికి మూడు కావస్తోంది. పప్పు అయిపోయింది, కూర గిన్నె కడిగేశారు, అన్నం అడుగున కాస్త ఉంది, రసం ఉంది. ఆ మనిషి రసమూ అన్నమూ తిని, చేతులు కడుక్కుని, టెంటు సామాను లారీ ఎక్కించేవాళ్ళతో కలిశాడు.

ఆ రాత్రి వచ్చిన మాటల్లో ఈ ఇద్దరి ఊసే లేదు. ఎవరూ దారి తప్పలేదు, ఎవరూ అడవి అంచున ఒంటరిగా మిగిలిపోలేదు. జరగని ప్రమాదాన్ని గురించి ఎవరు ఫోను చేస్తారు?

కుళాయి తిప్పితే నీళ్ళొస్తున్నంతకాలం కుళాయిని ఎవరూ పట్టించుకోరని మెచ్చుకోవడం నేర్పే పుస్తకాల్లో రాస్తుంటారు. ఆ మాట మా మార్కాపురం వైపు చెల్లదు. ఇక్కడ కుళాయిలో నీళ్ళొస్తే వీధి వీధంతా బిందెలతో బయటికొస్తుంది. ఫ్లోరైడు నీళ్ళు తాగి కీళ్ళు పట్టేసిన పెద్దవాళ్ళున్న పల్లెలివి. ఈ పల్లెలకు నీళ్ళివ్వాల్సిన వెలిగొండ ప్రాజెక్టుకు 1996లో శంకుస్థాపన చేసిన రోజుల్లో పుట్టిన పిల్లలు ఇప్పుడు తమ పిల్లల్ని చంకనేసుకుని తిరుగుతున్నారు. ఎండాకాలంలో ట్యాంకరు డ్రైవరును మా పల్లెల్లో 'అన్నా' అని పిలిచే గొంతులో ఉండే ప్రేమ చుట్టాలకు కూడా దక్కదు. నీళ్ళు లేని రోజు ఎలా ఉంటుందో ఆ గొంతుకు తెలుసు.

కాబట్టి మెచ్చుకోవడం రానివాళ్ళకు నేను మొదట చెప్పే సాధన ఒక్క మాటలో ఉంది: 'లేకపోతే'. ర్యాలీ అయ్యాక, పెళ్ళయ్యాక, తిరునాళ్ళయ్యాక ఇంటికొచ్చి మంచం మీద వాలినప్పుడు ఆ రోజును ఒకసారి వెనక్కి తిప్పి, ఒక్కో మనిషిని తీసేసి చూడండి. పొద్దున్నే పేర్లు రాసుకున్న అమ్మాయి లేకపోతే? బండ్లు వరసగా నిలిపించినవాడు లేకపోతే? కూడలిలో ఆ కుర్రాడు లేకపోతే? ఎవరిని తీసేస్తే మీ ఆదివారం కూలిపోతుందో వాళ్ళలో సగం మంది పేర్లు మీకు తెలియవు. తెలియదన్న సంగతి తట్టడమే ఈ సాధనలో మొదటి ఫలం. రెండోది ఆ పేర్లు కనుక్కోవడం.

బజ్జీ గుర్తుండి మనిషి గుర్తుండకపోవడం ఒక్క మన బుద్ధిలోపమేమీ కాదు. 2001లో రాయ్ బామీస్టర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, మరో ముగ్గురు కలిసి అప్పటిదాకా జరిగిన పరిశోధనలను పోగేసి ఒక పెద్ద వ్యాసం రాశారు. స్నేహాల్లో, కాపురాల్లో, నేర్చుకోవడంలో, ఎక్కడ చూసినా చెడు మంచికన్నా గట్టిగా పట్టుకుంటుందని దాని సారాంశం. మార్కాపురం మాటల్లో చెప్పాలంటే చెడును మనసు బండమీద చెక్కుకుంటుంది, మంచిని పలకమీద రాసుకుంటుంది. రాతి పలకలకు పేరుపడ్డ ఊరివాళ్ళకు తడిగుడ్డ సంగతి నేను చెప్పక్కర్లేదు.

ఇక నా బజ్జీల సంగతి. ఆ తర్వాతి ర్యాలీకి నన్ను పిలిచి, "అన్నా, ఈసారి టిఫిన్ నువ్వు చూసుకో" అన్నారు. కోపంతో అన్నారో, నమ్మకంతో అన్నారో ఇప్పటికీ తేల్చుకోలేదు. పొద్దున ఐదున్నరకే కంభంలో పొయ్యి దగ్గర నిలబడ్డాను. కాగితం మీద ఏడున్నరకు టిఫిను అని ఉంది కాబట్టి ఏడుకు నూనె కాగింది. ఏడున్నరకు మొదటి వాయి తీశాం. బండ్లు రాలేదు. ఎనిమిదైంది, రాలేదు. ఫోను చేస్తే తెలిసింది, ఇంకా మార్కాపురమే దాటలేదు. జెండా ఊపాల్సిన పెద్దమనిషి ఆరున్నరకు రావాల్సింది, ఏడుంబావుకు స్నానానికి లేచారట. బండ్లు కంభం చేరేసరికి తొమ్మిది. బజ్జీలు చల్లారాయి. నేను కిందటేడు అన్న మాటే, ఇంచుమించు అదే గొంతుతో, ఇంకొకాయన నన్ను అన్నాడు.

జెండా ఊపినాయనకు అప్పటికే శాలువా కప్పేశారు.

ఫిర్యాదుకు కారణం దాకా నడిచే ఓపిక ఉండదు. చేతికందినవాడి దగ్గరే ఆగిపోతుంది. ఆలస్యం చేసినవాడు కారులో వెళ్ళిపోతాడు, గరిటె పట్టుకున్నవాడు అక్కడే ఉంటాడు. రైలు రానందుకు టికెట్ల కిటికీలో మనిషిని తిట్టడం, కరెంటు పోయినందుకు స్తంభమెక్కిన లైన్‌మన్‌ను తిట్టడం ఈ బాపతే. కంభం చెరువు కిందా ఇదే కథ నడిచి ఉంటుంది. గుండ్లకమ్మకు అడ్డంగా కొండల నడుమ కట్ట పోయించిన విజయనగర రాచబిడ్డ వరదరాజమ్మ పేరు ఐదారు వందల ఏళ్ళుగా నిలిచింది, 2020లో ఆ చెరువు ప్రపంచ వారసత్వ సేద్యపు కట్టడాల జాబితాలోకి కూడా ఎక్కింది. తూము దగ్గర కూచుని మడి మడికీ నీళ్ళు వదిలిన నీరుగంటి పేరు మాత్రం ఎవరికీ తెలియదు. ఆయకట్టు చివరి రైతు తిట్లన్నీ అతనే తిని ఉంటాడు, వాన కురవకపోయినా సరే.

ఇదే ప్రాంతంలో ఇంకో యాత్ర ఉంది, దానికి ఇంజన్లు లేవు. మహాశివరాత్రి దగ్గర పడితే మాల వేసుకున్న శివస్వాములు, మామూలు భక్తులు దోర్నాల మీదుగా నల్లమల ఘాటు ఎక్కి శ్రీశైలం నడుస్తారు. దోర్నాల నుంచి యాభై కిలోమీటర్ల నడక. దారి పొడుగునా షామియానాలు వేసి అన్నం పెడతారు, మజ్జిగ పోస్తారు, బొబ్బలెక్కిన పాదాలకు మందు రాస్తారు. పెట్టేవాళ్ళు ఊళ్ళో తలా కొంత వేసుకున్న వ్యాపారులు, రైతులు, సెలవు పెట్టి వచ్చిన ఉద్యోగులు, కుర్రాళ్ళు. అక్కడ ఉప్మాలో ఉప్పు తగ్గితే ఏమవుతుంది? "సామీ, కాస్త పచ్చడి వెయ్యి" అంటారు, అంతే. తిన్నాక ఆకు తీస్తూ "అన్నదాతా సుఖీభవ" అంటారు. వడ్డించినవాడు ఆ మాటకు కరిగిపోయి మళ్ళీ ఏడాది అదే చోట పొయ్యి పెడతాడు.

అదే మనిషి మాల తీసిన రెండు నెలలకు ర్యాలీకి వచ్చి నీళ్ళ బాటిలు వెచ్చగా ఉందని మొహం చిట్లిస్తాడు. నోరు అదే, ఆకలి అదే, వడ్డించే చేతులు కొన్నిసార్లు అవే. తేడా మూడొందల రూపాయల దగ్గర వచ్చింది. టీ షర్టుకు, టిఫినుకు, భోజనానికి, స్టిక్కరుకు అని మూడొందలు కట్టగానే మనలో మగపెళ్ళివారు లేచి కూచుంటారు. కాఫీలో చక్కెర తక్కువైందని అలిగి విడిదిలో తలుపేసుకునే ఆ పాత మేనమామ మనందరిలోనూ ఉన్నాడు, రసీదు చేతికొస్తే చాలు బయటికొస్తాడు. చొక్కాకు బ్యాడ్జీ పెట్టుకున్న పాపానికి వాలంటీర్లు ఆడపెళ్ళివారైపోతారు.

ఆ మూడొందల్లో ఏముందో లెక్క తీయండి. బట్ట ఉంది, బియ్యం ఉన్నాయి, నూనె ఉంది, టెంటు అద్దె ఉంది. కూడలిలో నిలబడిన ముప్పావుగంట లేదు. రిపేరు సంచి మోసిన భుజం లేదు. రాత్రి పదకొండుకు కుర్చీలు లెక్కపెట్టి అప్పగించడం లేదు. అవి ఎవరూ అమ్మలేదు, మనం కొనలేదు. కొనని వస్తువు మీద గ్యారంటీ అడగడమే ఈ ఫిర్యాదుల్లో చాలావాటి వెనక ఉన్న పొరపాటు.

మధ్యలో ఒక మాట. ఆంధ్రాలో వాలంటీర్ అన్న మాట ఇప్పుడు పలకడానికి కొంచెం జంకు పుడుతుంది. 2019 ఆగస్టు 15 నుంచి యాభై ఇళ్ళకొకరు చొప్పున నెలకు అయిదు వేల గౌరవ వేతనంతో ప్రభుత్వం వాలంటీర్లను పెట్టాక, ఆ మాట చుట్టూ పార్టీల గొడవ అల్లుకుంది. నేను చెప్పేది ఆ వాలంటీర్ల గురించి కాదు, జీతమూ గౌరవ వేతనమూ లేకుండా, పైగా తన బండికి తనే పెట్రోలు పోయించుకుని వచ్చేవాడి గురించి. ఊళ్ళో అతన్ని 'మన పిల్లోడే' అంటారు. ఆ 'మన'లోనే చిక్కుంది. మనవాడికి మర్యాద ఏమిటని వదిలేస్తాం.

మెచ్చుకోవడంలో తెలుగువాళ్ళకు నిజమైన ఇబ్బంది ఒకటుంది, దాన్ని ఒప్పుకుందాం. ధన్యవాదాలు అన్న మాట వేదికకు, శుభలేఖకు, ప్రభుత్వ ఉత్తరానికి పుట్టింది. అమ్మ అన్నం పెడితే ధన్యవాదాలు అన్నామా ఎప్పుడైనా? అంటే అమ్మ జ్వరమొచ్చిందేమోనని నుదురు పట్టి చూస్తుంది. థాంక్యూ బ్రదర్ అంటే లిఫ్టు ఇచ్చినవాడికి చెప్పినట్టు ఉంటుంది. ఎదురుగా పొగిడితే దిష్టి తగులుతుందని ఇంకో భయం. పాత నీతి ఒకటి చెబుతుంది కదా, గురువును ఎదుట పొగడాలి, స్నేహితుణ్ణి చాటున పొగడాలి, పనివాణ్ణి పని ముగిశాక పొగడాలి, కొడుకును అసలు పొగడకూడదు అని. ర్యాలీలో పనిచేసే కుర్రాడు ఇందులో ఎవరు? స్నేహితుడూ అతనే, పని చేసేదీ అతనే, వయసుకు కొడుకులాంటివాడూ అతనే. ఎటూ తేలక మనం ఊరుకుంటాం. ఊరుకోవడం అతనికి ఎలా వినపడుతుందో మనకు తెలియదు.

కానీ మన దగ్గర మెప్పు లేదనడం తప్పు, అది వేరే వేషంలో ఉంది. 'కడుపు నిండింది నాయనా', 'చల్లగా ఉండు', 'నీ చేతి చలవ' అంటాం. వీటన్నిటికన్నా చిన్నది, బరువైనది ఇంకోటుంది: 'నువ్వు తిన్నావా?' పెళ్ళిళ్ళలో వడ్డించి వడ్డించి అలసిపోయినవాడి భుజం మీద చెయ్యేసి ఎవరో పెద్దాయన ఆ మాట అడుగుతాడు. నీ పని చూశాను, నీ ఆకలి కూడా చూశాను అని ఆ మాటకు అర్థం. ధన్యవాదాలు చెప్పడానికి నోరు రానివాళ్ళు ఈ ప్రశ్న అడగడం నేర్చుకుంటే చాలు. చివరి బండి మనిషిని ఆరోజు ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు, నేను అప్పటికి గిద్దలూరులో కిళ్ళీ కట్టించుకుంటున్నాను.

చెబితే ఎబ్బెట్టుగా ఉంటుందేమో అన్న బెరుకు ఒక్క తెలుగువాళ్ళదే అనుకోకండి. అమిత్ కుమార్, నికోలస్ ఎప్లీ అనే ఇద్దరు పరిశోధకులు అమెరికాలో మనుషుల చేత, తమకు మేలు చేసినవాళ్ళకు ఉత్తరాలు రాయించి, ఇద్దరినీ విడివిడిగా అడిగి 2018లో ఫలితాలు అచ్చు వేశారు. రాసినవాళ్ళు అందుకునేవాళ్ళకు ఇబ్బందిగా ఉంటుందని ఊహించారు, అంత ఇబ్బంది కలగలేదు. ఇంత సంతోషిస్తారని ఊహించలేదు, అంతకన్నా సంతోషించారు. మాట బాగా కుదరలేదేమోనని రాసేవాడు మథనపడతాడు; అందుకునేవాడు మాటల కూర్పు చూడడు, గుర్తుపెట్టుకున్నారన్న ఆప్యాయతే చూస్తాడు.

అయితే మెప్పులో ఒక్క నియమం వదలకూడదు. అది పనిని ముట్టుకోవాలి. "ప్రోగ్రాం సూపర్ బ్రదర్" అన్నది మెప్పు కాదు, దండ. ఎవరి మెడలో వేసినా సరిపోతుంది. "బేస్తవారిపేట దగ్గర నువ్వు చెయ్యి చూపించకపోతే నేను కనిగిరిలో తేలేవాణ్ణి" అన్నది మెప్పు. అది ఇంకెవరికీ పనికిరాదు, అతని కొలతకు కుట్టింది. ఒక్క వాక్యం చాలు, రెండు రోజుల్లోపు చెప్పాలి. వీలైతే అతనికే చెప్పాలి, ఇంకా వీలైతే అతని ఇంట్లోవాళ్ళకు వినపడేలా చెప్పాలి. ఆదివారం పూటా ఊరి మీద తిరుగుతాడని తిట్లు తింటున్నవాడికి అదెంత పెద్ద సాయమో పెళ్ళయినవాళ్ళకు తెలుసు. చెప్పేటప్పుడు ఆ వాక్యం చివర 'కానీ' రానివ్వకండి. "అన్నీ బాగున్నాయి కానీ" అన్నారంటే, విన్నవాడికి ముందున్న రెండు మాటలూ ఎగిరిపోతాయి, 'కానీ' తర్వాతది మాత్రమే రాత్రి నిద్ర పట్టనివ్వదు.

అలాగని ఫిర్యాదే చేయకూడదంటే నేను ఒప్పుకోను. సర్దుకుపోవడాన్ని గొప్ప గుణంగా చెప్పే పుస్తకాలు ఉన్నాయి, వాటిని చదివి కొన్ని ర్యాలీలు ఆస్పత్రిలో ముగిశాయేమో కూడా. నేను ఫిర్యాదులను రెండు గంపలు చేస్తాను: బజ్జీ ఫిర్యాదులు, బ్రేకు ఫిర్యాదులు.

ఘాటు మలుపులో ఎవడో కుర్రాడు లారీని దాటబోయాడు. ఒకడి దగ్గర మందు వాసన వచ్చింది. హెల్మెట్ హ్యాండిలుకు వేలాడుతోంది గాని తల మీద లేదు. మందుల పెట్టె ముందు బండిలో పెట్టారు, దెబ్బ తగిలేది మాత్రం వెనకవాళ్ళకు. పులులు తిరిగే అడవిలో హారన్లు మోగించి ప్లాస్టిక్ ప్లేట్లు విసిరారు. ఇవన్నీ బ్రేకు ఫిర్యాదులు. వీటికి రాత్రి దాకా ఆగకూడదు, మర్యాద అడ్డు రాకూడదు. అక్కడికక్కడ, ఆ పని ఆపగలిగినవాణ్ణి పక్కకు పిలిచి చెప్పాలి. 'పోనీలే, పాపం కష్టపడుతున్నారు' అని వీటిని మింగేవాడు వాలంటీర్ల మీద జాలిపడుతున్నాననుకుంటాడు. రేపు ఏదైనా జరిగితే పోలీస్ స్టేషన్‌కు తిరిగేది ఆ వాలంటీర్లే.

మిగతావన్నీ బజ్జీ గంపలోవి: చట్నీ, టీ షర్టు, ఫొటో వరస, ఫ్లెక్సీ. వీటికి ఒక రాత్రి నిద్ర వైద్యం. పొద్దున్నే లేచేసరికి సగం కరిగిపోతాయి. ఫ్లెక్సీ ఫిర్యాదు మాత్రం కరగదని అనుభవం మీద చెబుతున్నాను, దానికి మందు లేదు. కరగకుండా మిగిలినవాటిని రెండు రోజులాగి, ఎవరి చేతిలో ఉందో వాళ్ళకే, వెంట ఒక చెయ్యి తీసుకుని వెళ్ళి చెప్పాలి. "భోజనాలు చివరివాళ్ళకు చాలలేదన్నా, వచ్చేసారి లెక్క నేను చూస్తా" అన్నప్పుడు అది సాయంగా మారుతుంది. చెయ్యి తీసుకెళ్ళలేకపోతే మాట కూడా ఇంట్లోనే పెట్టి వెళ్ళమంటాను. కటువుగా ఉందేమో, కానీ నేను పొయ్యి దగ్గర నిలబడ్డాక ఏర్పరచుకున్న నియమమిది, దాని వేడి కొంచెం తగిలి ఉంటుంది.

ఇక రెండో వైపు మనుషులకు, అంటే ర్యాలీ నడిపేవాళ్ళకు. ఆ రాత్రి ఎవరికీ జవాబివ్వకండి. ఒంట్లో అలసట ఉన్నప్పుడు ప్రతి మాటా తిట్టులాగే వినపడుతుంది, ప్రతి జవాబూ గొడవలాగే పోతుంది. "రాసుకున్నానన్నా" అనండి, నిజంగానే ఒక నోటుబుక్కులో రాసుకోండి. వారం తర్వాత బుక్కు తీస్తే ఒకే మాట నలుగురు అన్నారా, ఒకే మనిషి నాలుగుసార్లు అన్నాడా అన్నది తేలిపోతుంది. రెండూ ఒకటి కావు. ఎదురు పేజీలో మంచి మాటలు కూడా రాయండి. అవి రావు, వెళ్ళి అడిగి తెచ్చుకోవాలి. అడగడం సిగ్గుపడాల్సిన పనేం కాదు, హోటలువాడు కూడా 'ఎట్టుంది సార్' అని అడుగుతాడు.

మెప్పును మనుషుల మంచితనానికి వదిలేయకుండా పనిలోనే కలిపేయండి. భోజనాలు మొదలవకముందే చివరి బండివాళ్ళకు, మలుపుల దగ్గరవాళ్ళకు ప్లేట్లు కట్టి పక్కన పెట్టాలి. లెక్కలో మొదటి అంకె వాళ్ళది కావాలి. మొదట వాళ్ళవి తీసి మూత పెట్టాకే ముఖ్య అతిథికైనా వడ్డించాలి. ఈ ఒక్క పని చేసిన ఏడాది వాలంటీర్లు ఎవరూ మానుకోకపోవడం నేను కళ్ళారా చూశాను. ఒక్క ఏడాది చూసి సూత్రం చేయకూడదనుకోండి, అయినా పప్పు మీద నాకు నమ్మకం ఎక్కువ.

శాలువాల సంగతి కూడా తేల్చుకోవాలి. మన సభల్లో పెద్దమనిషికి శాలువా కప్పుతారు, ఆ శాలువాలున్న పళ్ళెం పట్టుకుని వాలంటీరు పక్కన నిలబడతాడు. ఫొటోలో పళ్ళెం పడుతుంది, మొహం పడదు. శాలువాల డబ్బుతో పలకలు కొనండి. మార్కాపురంలో పలకలకు కరువా? పొద్దున్నే గుడి దగ్గర ఒక బల్ల మీద ఆ పలకలు వరసగా నిలబెట్టి, ఒక్కో దాని మీద ఒక్కో పేరు, ఆ పేరు ఆరోజు చేసే పని బలపంతో రాయండి: ఫలానా, కంభం పొయ్యి. ఫలానా, బేస్తవారిపేట మలుపు. ఫలానా, చివరి బండి. బయలుదేరే ముందు అందరూ చదువుకుంటారు. దారిలో ఆ మొహం కనపడగానే పేరు నోటికొస్తుంది. సాయంత్రం ఎవరి పలక వాళ్ళు ఇంటికి పట్టుకెళతారు, ఇంట్లో చిన్నపిల్లలుంటే దాని మీద అ ఆ లు దిద్దుతారు.

అమెరికాలో స్టర్గిస్ అనే ఊళ్ళో 1938లో ఒక మోటార్‌సైకిల్ క్లబ్బు మొదలుపెట్టిన ర్యాలీ నేటికీ నడుస్తోంది. ఏడు వేల మంది ఊరికి ఆగస్టులో లక్షల మంది వస్తారు. మన ర్యాలీలకు అంత ఆయుష్షు అక్కర్లేదు, మూడో ఏడు చూస్తే సంతోషం. మూడో ఏడు జెండా ఊపడానికి ఎవరో ఒకరు దొరుకుతారు, మా వైపు ఆ కొరత ఎన్నడూ లేదు. పొద్దున ఐదున్నరకు పొయ్యి దగ్గరికి వచ్చేవాళ్ళు దొరకాలి.

ఈ పేజీ దగ్గర పుస్తకం మూసి, మీరు పోయిన నెలలో వెళ్ళిన ఏదో ఒక కార్యక్రమాన్ని, ర్యాలీయో, తిరునాళ్ళో, కాలేజీ పాత విద్యార్థుల కలయికో, ఒకదాన్ని తలుచుకోండి. అక్కడ ఎండలో నిలబడి మీకు దారి చూపించింది ఎవరో కనుక్కోండి, నంబరు సంపాదించి ఫోను చేయండి. సాయంత్రం ఏడు దాటాక చేయండి. ఆదివారమైతే తొమ్మిది దాటాక. అప్పటిదాకా అతను ఎక్కడో కుర్చీలు దింపుతూ ఉంటాడు.